ముందు ఆ తివాచీని తిరగేసి చూడండి

"ఆర్ట్స్ అండ్ క్రాఫ్ట్స్ స్టైల్, హ్యాండ్‌మేడ్" అన్న ట్యాగ్ తగిలించి అమ్ముతున్న రగ్గుల్ని చూస్తే ఈ మధ్య నాకు ఒళ్లు మండుతోంది. ఆర్ట్స్ అండ్ క్రాఫ్ట్స్ అంటే పందొమ్మిదో శతాబ్దంలో ఇంగ్లండులో చేతిపనిని నెత్తిన పెట్టుకున్న ఉద్యమం. పైన ఆ ఉద్యమానికి పెద్దదిక్కైన డిజైనర్ విలియం మోరిస్ మార్కు తీగలు, ఆకులు, పువ్వులు అన్నీ ఉంటాయి. ముదురు నీలం, ఇటుక ఎరుపు. చూడ్డానికి బాగానే ఉంటాయి, కాదనను. ఒక దుకాణంలో అలాంటిదాన్ని తిరగేసి చూశాను. వెనక మందపాటి గుడ్డ అతికించి ఉంది. అంచు దగ్గర గుడ్డ కాస్త లేచి ఉంటే లోపలికి వేలు పెట్టాను, ఎండిపోయిన రబ్బరు జిగురు పొడిపొడిగా రాలింది. కొసల్లో కుచ్చులు మిషన్ మీద కుట్టినవి. "చేత్తో చేసిందే మేడమ్, ఊలు దించే గన్ పట్టుకునేది చెయ్యే కదా" అన్నాడు అమ్మే అబ్బాయి. ఆ లెక్కన లారీ తోలడం కూడా హస్తకళే.

ఇలా చేసేదాన్ని టఫ్టింగ్ అంటారు. చట్రానికి గుడ్డ బిగించి, దాని మీద డిజైన్ గీసుకుని, గన్‌తో ఊలు పోగుల్ని దించుకుంటూ పోతారు. అవి ఊడిపోకుండా వెనక జిగురు పూసి ఇంకో గుడ్డ అంటిస్తారు. అందులో ముడి అన్నదే ఉండదు.

ముడుల తివాచీ పనే వేరు. నిలువు మగ్గం మీద పడుగు, అంటే నిలువు పోగులు, బిగించాలి. రెండేసి పడుగు పోగులకి ఊలు చుట్టి, ముడి వేసి, కొస కోయాలి. అలా ఈ చివర నుంచి ఆ చివర దాకా ఒక వరస అయ్యాక పేక, అంటే అడ్డపోగు, దూర్చి, బరువైన దువ్వెనతో కిందికి కొట్టాలి. మళ్లీ ఇంకో వరస. అలా చేసినదాన్ని తిరగేస్తే డిజైన్ వెనక కూడా తేటగా కనిపిస్తుంది, ముడులు లెక్కపెట్టుకోవచ్చు. కుచ్చులు ఎవరో తెచ్చి కుట్టినవి కావు, పడుగు కొసలే.

సరే, మోరిస్ పేరు పెట్టుకుని వ్యాపారం చేసేవాళ్లు ఆయన ఏం చేశాడో కూడా తెలుసుకుంటే మంచిది. ఆయన పువ్వులు గీసి ఊరుకోలేదు. అప్పట్లో కొత్తగా వచ్చిన రసాయన రంగులంటే ఆయనకి కంపరం. 1870ల్లో ఇంగ్లండులోని లీక్ అనే ఊళ్లో థామస్ వార్డల్ అద్దకం కార్ఖానాకి వెళ్లి, నీలిమందు తొట్ల దగ్గర నిలబడి పని నేర్చుకున్నాడు. చేతులు నీలంగా మారి ఎంతకీ వదిలేవి కావు. ఊలు ఏ రంగుని ఎలా పట్టుకుంటుందో తెలియనివాడు డిజైన్ గీయకూడదన్నది ఆయన పట్టుదల. తివాచీ ముడి కూడా స్వయంగా వేసి చూశాకే 1878లో లండన్‌లోని హామర్‌స్మిత్‌లో ఇల్లు తీసుకుని, పక్కనున్న గుర్రబ్బళ్ల షెడ్డులో మగ్గాలు వేయించాడు. 1881లో పని మెర్టన్ ఆబీ అనే చోటికి మారింది. సుత్తి, 'ఎం' అక్షరం, నీటి అలలు, ఇదీ హామర్‌స్మిత్ తివాచీల గుర్తు.

ఆయన్ని మరీ దేవుణ్ణి చేయనక్కర్లేదు. ఆయన కంపెనీ యంత్రాల మీద నేసిన తివాచీలు కూడా అమ్మింది. వాటికి డిజైన్లూ ఆయనే ఇచ్చాడు. కానీ యంత్రానిది యంత్రానిదే అని అమ్మాడు, చేతిపని ధర రాబట్టలేదు. నాకు నచ్చేది అదే. ఇంకో సంగతి. హామర్‌స్మిత్ తివాచీ మీద ఉన్న 'ఎం' యజమానిది. కూర్చుని ముడులు వేసిన ఆడవాళ్ల పేర్లు దాని మీద లేవు. 1888లో ఆర్ట్స్ అండ్ క్రాఫ్ట్స్ సొసైటీ మొదటి ప్రదర్శన పెట్టినప్పుడు డిజైన్ గీసినవాళ్ల పేరుతో పాటు పని చేసినవాళ్ల పేరు కూడా కేటలాగులో వేయాలని నియమం పెట్టుకున్నారు. ఇప్పటి ఆన్‌లైన్ అమ్మకాల్లో మోరిస్ పేరుంటుంది, కంపెనీ పేరుంటుంది, నేసినవాళ్ల ఊసుండదు. అసలు నేస్తేగా!

మోరిస్‌కి గురువులు తూర్పు దేశాల నేతగాళ్లే. 1893లో లండన్‌లోని సౌత్ కెన్సింగ్టన్ మ్యూజియం 2,000 పౌండ్లు పోసి అర్దబీల్ తివాచీ కొనడం వెనక ఆయన గట్టి సిఫార్సు ఉంది. పర్షియాలో నేసిన ఆ ఒక్క తివాచీలో దాదాపు 2.6 కోట్ల ముడులున్నాయి. మరి మన సంగతి? 1879లో బర్మింగ్‌హామ్ ఉపన్యాసంలో ఆయన మన దేశపు జైళ్లలో చవక తివాచీలు నేయిస్తున్న ఇంగ్లీషు ప్రభుత్వాన్ని దులిపేశాడు. మరుసటేడు జార్జ్ బర్డ్‌వుడ్ అనే ఇంగ్లీషాయన మన దేశపు చేతిపనుల మీద వేసిన పుస్తకంలో మచిలీపట్నం తివాచీల గతి రాశాడు. ఒకప్పుడు అవి దేశంలోని మేలైన తివాచీల్లో లెక్కట. ఇంగ్లీషు దిగుమతిదార్లు చవక సరుకే వాడాలని పట్టుబట్టేసరికి అడుగున ఇంగ్లీషు పురికొస చేరింది. ఆ తర్వాత డిజైన్లూ చెడ్డాయి. పైకి కనిపించే పువ్వు కంటే ముందు పాడైంది అడుగే. ఇది చదివినప్పుడు నాకు దుకాణంలో రాలిన జిగురు పొడే కళ్లముందు కదిలింది. బేరం అడుగు నుంచే తినుకుంటూ వస్తుంది.

విచిత్రం ఏంటంటే, అదే 1880లో తివాచీల విషయంలో ఇంగ్లండు ఇక తూర్పు దేశాల మీద ఆధారపడకూడదన్నది తన ఆశయంగా మోరిస్ చెప్పుకున్నాడు. మా బందరు నేతగాడి పొట్ట కొట్టింది మీ బజారే కదా సారూ అని అడగాలనిపిస్తుంది. ఆయన మంచివాడే. అయినా అడగాల్సిందే.

"ముడుల తివాచీకి అంత ఖరీదు ఎవరు పెట్టగలరు?" అని కామెంట్లు వస్తాయని తెలుసు. న్యాయమైన ప్రశ్నే. మోరిస్ కూడా దీనికి జవాబు చెప్పలేకపోయాడు. అందరికీ అందాలన్న సోషలిస్టు నేయించిన తివాచీలు చివరికి చేరింది ధనవంతుల బంగళాలకే. ఆ ధర నేనూ పెట్టలేను. మా ఇంట్లో ఉన్నది వరంగల్ నూలు డర్రీ. చేనేతే, 2018లో దానికి జీఐ గుర్తింపు, అంటే ఫలానా ఊరి సరుకన్న అధికారిక ముద్ర, కూడా వచ్చింది. ఊలు మెత్తదనం ఉండదు, కానీ నేతలోనే వచ్చిన చారలు కాబట్టి ఏ వైపు పరిచినా ఒకటే.

టఫ్టెడ్ రగ్గు కొనడం తప్పని నేను అనడం లేదు. పిల్లలున్న ఇంట్లో పాలు ఒలికినా గుండె ఆగిపోకుండా ఉండాలంటే అదే నయం. నా గొడవంతా ట్యాగుతోనే. టఫ్టెడ్ అని పెద్దక్షరాల్లో రాయండి, వెనక జిగురుందని చెప్పండి, దానికి తగ్గ ధరకి అమ్మండి. కొనేవాళ్లు కొంటారు.