ఆ నాలుగో సూచన మా కొండలకు గొడ్డలిపెట్టు

పది రోజుల్లో ఒకే సందేశం నా ఫోనుకు ఆరుసార్లు వచ్చింది. మొదట రాయగడ మిత్రుడు పంపాడు, తర్వాత పార్వతీపురం బావగారు, నిన్న పొద్దున విశాఖలో చదువుకుంటున్న మేనల్లుడు. “ఒక సామాన్యుడి అయిదు సూచనలు. అమలు చేస్తే ఏడాదిలో దేశం పచ్చబడుతుంది, ప్రభుత్వం బాగుపడుతుంది” అని పైన ఉంది. సామాన్యులు ఇలా ఆలోచించడం నాకు ఇష్టమే. అందుకే మొదటి అయిదుసార్లు మాట్లాడకుండా ఊరుకున్నాను. చదువుకున్న పిల్లవాడు కూడా నాలుగో సూచనకు చప్పట్ల బొమ్మలు పెట్టి పంపేసరికి ఇక ఆగలేకపోయాను.

మొదటిది, ఆగస్టు పదిహేనున డ్రోన్లతో విత్తన బంతులు, అంటే విత్తనం పెట్టిన మట్టి ఉండలు, చల్లడం. సాల విత్తనం చెట్టు నుంచి రాలిన వారం పది రోజులకే మొలకెత్తే శక్తి కోల్పోతుంది. గోదాములో దాచి, ఆగస్టు పదిహేనున జెండా ఎగరేశాక చల్లితే ఏం మొలుస్తుంది? మా కొండల మీద కరువు విత్తనాలకు కాదు. మొలిచిన మొక్క మేకల పాలు, మంటల పాలు కాకుండా చూసే మనిషికి.

రెండోది, అయిదు మొక్కలు నాటినట్టు ఫోటో చూపనివారికి రేషను ఆపేయడం. పేదవాడి కంచం లాక్కుని పెంచే అడవి ఎవరికి కావాలి?

మూడోది, ప్లాస్టిక్ పళ్లేలు మానేసి ఆకుల్లో తినడం. సంతోషం. మా వైపు పెళ్లిళ్లలో అడ్డాకు విస్తళ్లు ఇంకా వేస్తూనే ఉన్నాం. ఆకు కోసి, పుల్లలతో కుట్టి సంతకు తెచ్చే ఆడవాళ్ల దగ్గర బేరమాడకుండా కొనండి, చాలు.

ఇక నాలుగోది. “గ్రామసభలను రద్దు చేయాలి. నలుగురు చదువురానివాళ్లు చేతులెత్తితే అభివృద్ధి ఆగిపోతోంది. గని రావాలా, ఆనకట్ట రావాలా అన్నది జిల్లా ప్రజలంతా ఫోనులో ఓటు వేసి తేల్చాలి.”

ఇది రాసినవారు నియమగిరి పేరు ఎప్పుడైనా విన్నారా? ఒడిశా రాయగడ జిల్లాలోని మా బిసంకటక్ నుంచి చూస్తే కనిపించే కొండలవి. అక్కడ బాక్సైట్ తవ్వాలా వద్దా అన్న వివాదం సుప్రీంకోర్టు దాకా వెళ్లింది. 2013 ఏప్రిల్ 18న కోర్టు ఏమని చెప్పింది? ఆ కొండ మీద అక్కడి గిరిజనులకున్న హక్కుల సంగతి, తమ కొండదేవుడు నియమ్‌రాజాను కొలుచుకునే హక్కుతో సహా, గ్రామసభలే తేల్చాలని చెప్పింది. ఆ ఏడాది జులై, ఆగస్టు నెలల్లో రాయగడ జిల్లాలో ఏడు, కలహండి జిల్లాలో అయిదు, మొత్తం పన్నెండు ఊళ్లలో జిల్లా న్యాయమూర్తుల సమక్షంలో సభలు జరిగాయి. పన్నెండుకు పన్నెండూ వద్దన్నాయి. 2014 జనవరిలో కేంద్ర పర్యావరణ శాఖ అటవీ అనుమతి నిరాకరించింది. ఇది నలుగురు చేతులెత్తడమా? అటవీ హక్కుల చట్టం నియమాల ప్రకారం సభ్యుల్లో సగం మంది రాకపోతే అసలు సభే చెల్లదు. వచ్చినవారిలో మూడో వంతు ఆడవాళ్లు ఉండాలి. మన శాసనసభల్లో ఎక్కడైనా ఆ లెక్క ఉందా?

జిల్లా అంతా ఓటు వేస్తే ఏమవుతుందో కూడా చూడండి. 2011 లెక్కల్లో రాయగడ జిల్లా జనాభా తొమ్మిదిన్నర లక్షలు దాటింది. నియమగిరి మీద బతికే గిరిజనులైన డోంగ్రియా కోంధులు కొద్ది వేల మంది. వాళ్ల దేవుడి కొండ ఉండాలో పోవాలో, ఆ కొండ ఎక్కడుందో తెలియని లక్షల మంది మీట నొక్కి తేల్చాలా? బావగారూ, మీ ఇంటి గోడ కూల్చాలా వద్దా అని పార్వతీపురం అంతా ఓటు వేస్తే ఒప్పుకుంటారా? ఆ నియమగిరి కొండల్లో పుట్టిన వంశధార నీళ్లే కదా గొట్టా బ్యారేజీ దాటి శ్రీకాకుళం పొలాలకు వెళ్తున్నాయి!

ఫోను సంగతి కూడా చెబుతాను. నేను పసుపు కొనడానికి బుధవారం చాటికోన సంతకు వెళ్తుంటాను. కిందటి నెల ఒక డోంగ్రియా అవ్వ తన ఫోను నా చేతికిచ్చి, పింఛను పడిందేమో చూడమంది. మీటల మీద అంకెలు అరిగిపోయిన చిన్న ఫోను. తెరిచి చూస్తే రీచార్జి ప్రకటన, అదీ ఇంగ్లిషులో. పింఛను కాదని చెప్పాను. మారు మాట్లాడకుండా ఫోను కొంగులో ముడేసుకుని అల్లం కుప్ప ముందు కూర్చుంది. నేను పడిందని చెప్పినా అలాగే నమ్మేది. రేపు ఆమె ఓటు ఆ ఫోనులోనే ఉంటే, అది ఎవరి వేలి కింద పడుతుంది? నా వేలి కిందో, నాలాంటి మరో వ్యాపారి వేలి కిందో పడుతుంది. గ్రామసభలో అయితే ఆమె లేచి తన సొంత భాష కువిలో వద్దు అంటుంది. ఊరంతా వింటుంది. దాన్ని మార్చి రాయడం అంత తేలిక కాదు.

అయిదో సూచన దగ్గర మాత్రం నేను ఆగాను. ప్రతి పనికి ఎంత డబ్బు వచ్చింది, ఎవరికి ఇచ్చారు అన్నది ఊరి గోడ మీద, ఆ ఊరి భాషలో రాయాలట. ఇది మంచి మాట. నాకు తట్టనందుకు బాధపడ్డాను కూడా. 2005 సమాచార హక్కు చట్టం నాలుగో సెక్షన్ కూడా ఇలాంటి వివరాలను ఎవరూ అడగకముందే బయటపెట్టాలని చెబుతోంది, స్థానిక భాషను లెక్కలోకి తీసుకోవాలని కూడా అంటోంది. మా వీధి కల్వర్టు పక్కన బోర్డు ఒడియాలో ఉంది. మా అమ్మకు తెలుగు తప్ప మరో లిపి రాదు. ఆ కల్వర్టు మీదుగా మూడేళ్లుగా గుడికి నడుస్తోంది. అది ఎంతకు కట్టారో ఆమెకు తెలియదు, నేనూ ఎప్పుడూ చదివి చెప్పలేదు.

బావగారూ, ఆ అయిదోది ఒక్కటే విడిగా నాకు మళ్లీ పంపండి. వచ్చే గ్రామసభలో లేచి చదువుతాను. తెలుగులో, ఒడియాలో రాయమని అడుగుతాను. కువి మాట్లాడేవాళ్ల కోసం సభలో పైకి చదివి వినిపించమని కూడా అడుగుతాను.