వంశవృక్షంలో ఒకే పేరు రెండుసార్లు

మా ఇంట్లో పదకొండేళ్లు బతికిన లాబ్రడార్‌కు కడుపు నిండటమంటే ఏమిటో తెలియదు. గిన్నె నాకేసి ఐదు నిమిషాలు కాకముందే వంటింటి గడప మీద గడ్డం ఆనించి, అమ్మ చేతి వంకే చూస్తూ పడుకునేది. ఇంటికొచ్చిన వాళ్లంతా 'తిండిపోతు' అనేవారు. పశువుల డాక్టరు దాని బరువు చూసి మమ్మల్ని మందలించేవారు, మేం దాన్ని మందలించేవాళ్లం. అది పోయిన కొన్నాళ్లకు, 2016లో, కేంబ్రిడ్జి విశ్వవిద్యాలయంలో ఎలినార్ రాఫన్ బృందం చేసిన పరిశోధన చదివాను. దాదాపు నాలుగు లాబ్రడార్లలో ఒకదానికి పీఓఎంసీ అనే జన్యువులో 14 డీఎన్ఏ అక్షరాల ముక్క ఊడిపోయి ఉంటుందట. 'ఇక చాలు' అని మెదడుకు కబురు చేసే రసాయనాలు అందువల్ల సరిగా తయారు కావు. 2024లో అదే బృందం ఇంకో సంగతి బయటపెట్టింది. ఆ కుక్కలు ఊరికే పడుకున్నప్పుడు ఒంట్లో ఖర్చయ్యే శక్తి కూడా మిగతా వాటికన్నా పావు వంతు తక్కువ. ఆకలి ఎక్కువ, ఖర్చు తక్కువ. మా కుక్కను కసిరిన కసుర్లన్నీ అది చదివిన రోజు వరుసగా గుర్తొచ్చాయి.

ఆ పరిశోధనలో నన్ను ఎక్కువ ఆలోచనలో పడేసిన అంకె మరొకటి ఉంది. చూపు లేనివారికీ, దివ్యాంగులకూ సాయపడేందుకు పెంచే లాబ్రడార్లను పరీక్షిస్తే నాలుగింట మూడింటికి ఈ లోపం కనిపించింది. బిస్కెట్ చూపిస్తే చెప్పిన పని చేసే పిల్లనే కదా శిక్షకులు మెచ్చేది, దాని నుంచే కదా తర్వాతి ఈత తీసేది. తెలివి అనుకుని మనం ఎంచుకున్నది ఆకలిని అయి ఉండొచ్చు. కుక్కల జన్యు రోగాల చరిత్ర చాలావరకు ఇలాగే నడిచింది. మనం కోరిన లక్షణం వెనకాలే మనం చూడని జబ్బు తరం తర్వాత తరం నడిచొచ్చింది.

కుక్క మనిషికి మచ్చికై వేల ఏళ్లయింది. ఇవాళ మనం పేర్లు పెట్టి పిలిచే జాతుల్లో ఎక్కువ భాగం మాత్రం గత రెండు వందల ఏళ్లలో రూపు కట్టినవే. 1873లో లండన్‌లో కుక్కలను నమోదు చేసే కెన్నెల్ క్లబ్ ఏర్పడ్డాక జాతుల వారీగా వంశాల పుస్తకం రాయడం మొదలైంది. అందులో పేరున్న కుక్కల సంతానానికే తర్వాతి పేజీల్లో చోటు. బయటి రక్తానికి తలుపు మూసేశారు. పోటీల్లో పతకం గెలిచిన మగకుక్కను అందరూ క్రాసింగ్‌కు అడుగుతారు, అది వందల పిల్లలకు తండ్రవుతుంది. దాని మనవలూ మనవరాళ్లూ మళ్లీ ఒకరికొకరు జతవుతారు. కాలిఫోర్నియా విశ్వవిద్యాలయం డేవిస్ ప్రాంగణంలో డానికా బనాష్ బృందం 2021లో 227 జాతుల జన్యువులను పరిశీలించి, వాటిలో దగ్గరి రక్తం కలయిక సగటున 25 శాతం దాకా ఉందని లెక్క తేల్చింది. అన్నాచెల్లెళ్లు జతకడితే పుట్టే పిల్లకు వచ్చే అంకె అది.

మన గొర్రెల కాపరులకు ఈ లెక్క ఎవరూ నేర్పక్కర్లేదు. మందలోని విత్తన పొట్టేలును రెండేళ్లకోసారి మార్చేస్తారు, పక్క ఊరి మందలోంచి ఇంకోదాన్ని తెచ్చుకుంటారు. దాని కూతుళ్లు ఎదకొచ్చే నాటికి అది ఆ మందలో ఉండకూడదు, అంతే. చదువుకున్న పెద్దమనుషులు నడిపిన కుక్కల క్లబ్బులకు ఈ జాగ్రత్త నూటయాభై ఏళ్లు పట్టలేదు.

జబ్బు జన్యువును మోయడం వేరు, జబ్బు పడటం వేరు. 2018లో వెలువడిన ఒక పెద్ద అధ్యయనం ఈ తేడాను కళ్లకు కట్టింది. లక్షకు పైగా కుక్కల్లో 152 రకాల జన్యు లోపాల కోసం వెతికారు. కలగలుపు కుక్కల్లో నూటికి సుమారు 40, జాతి పుస్తకంలో పేరున్న పెడిగ్రీ కుక్కల్లో 28 ఏదో ఒక లోపాన్ని మోస్తున్నాయి. ఇక్కడిదాకా చూస్తే పెడిగ్రీ కుక్కలే నయం అనిపిస్తుంది. జబ్బు పడే ప్రమాదం ఉన్నవాటిని లెక్కపెట్టగానే తక్కెడ తిరగబడింది. కలగలుపు వాటిలో నూటికి దాదాపు 2, పెడిగ్రీ వాటిలో దాదాపు 5. తల్లి నుంచి జన్యువు చెడ్డ ప్రతి ఒకటి వచ్చినా తండ్రి నుంచి మంచి ప్రతి వస్తే చాలా జబ్బులు బయటపడవు. ఇద్దరి నుంచీ అదే చెడ్డ ప్రతి వస్తేనే చిక్కు. తల్లిదండ్రులిద్దరికీ తాత ఒక్కడే అయినప్పుడు ఆ రెండు ప్రతులూ కలుసుకోవడం తేలిక.

మేనరికాలు చేసుకునే మనకు ఇది కొత్త సంగతేం కాదు. మనుషుల్ని కుక్కలతో పోలుస్తున్నానని ఎవరూ అనుకోవద్దు, రక్తం లెక్క మాత్రం అందరికీ ఒకటే. హైదరాబాద్‌లోని సీసీఎంబీ శాస్త్రవేత్త కె. తంగరాజ్, హార్వర్డ్‌కు చెందిన డేవిడ్ రైక్ తదితరులు 2017లో ప్రచురించిన పరిశోధన ఇదే చూపింది. తరతరాలుగా తమలో తామే పెళ్లిళ్లు చేసుకున్న దక్షిణాసియా సామాజికవర్గాల్లో కొద్దిమంది పూర్వీకుల జన్యు లోపాలు పేరుకుపోయాయని, వాటిని వెతికితే చాలా జబ్బులకు కారణం దొరుకుతుందని. తెలుగు నేల వైశ్యుల్లో కొందరికి ఆపరేషన్‌కు ముందు ఇచ్చే ఒక మందు ప్రభావం ఎంతకీ దిగకపోవడాన్ని అందులో ఉదాహరణగా చెప్పారు. ఆ సంగతి ముందే తెలిస్తే మత్తు డాక్టరు మందు మారుస్తాడు, అంతటితో గండం గడుస్తుంది. తెలుసుకోవడంలో సిగ్గుపడాల్సింది ఏమీ లేదు.

కుక్కల పుస్తకాలు మూసేయడం కుక్కలకు శాపమైనా పరిశోధకులకు కలిసొచ్చింది. 2005 డిసెంబరులో టాషా అనే ఆడ బాక్సర్ కుక్క జన్యుపటం పూర్తిగా వెలువడింది. ఒక జాతి కుక్కలన్నీ కొద్దిపాటి పూర్వీకుల సంతానమే కాబట్టి, వాటి జన్యువుల్లో పెద్ద పెద్ద భాగాలు ఒకేలా ఉంటాయి. తేడా ఎక్కడుందో పట్టుకోవడం తేలిక. ఒకే జన్యువుతో వచ్చే లక్షణమైతే, అది ఉన్న పది కుక్కలు, లేని పది కుక్కలు చాలని కెర్స్టిన్ లిండ్‌బ్లాడ్-టో బృందం చేసి చూపింది.

ఆ దారిలో మనుషులకు దక్కినవి చిన్నవి కావు. తిండి చూసిన సంతోషానికే కాళ్లు సడలి కుప్పకూలిపోయే డాబర్‌మన్‌లను స్టాన్‌ఫర్డ్‌లో పెంచి, దాదాపు పదేళ్లు వెతికి, 1999లో ఇమ్మానుయేల్ మిన్యో బృందం కారణమైన జన్యువును పట్టుకుంది. మెలకువను నిలిపి ఉంచే హైపోక్రెటిన్ అనే రసాయనం సంగతి అలా బయటపడింది. మనుషుల్లో ఉన్నపళంగా నిద్ర ముంచుకొచ్చే నార్కొలెప్సీ ఎందుకొస్తుందో దానితో తేలింది, నిద్ర పట్టనివారికి కొత్త రకం మాత్రలూ వచ్చాయి. పుట్టు గుడ్డితనం ఉన్న బ్రియార్డ్ సంతతి కుక్క లాన్సెలాట్‌కు ఆర్‌పీఈ65 జన్యువును కంట్లోకి ఎక్కించి చూపు తెప్పించారు, 2001లో ఆ ఫలితం ప్రచురించారు. అదే చికిత్స 2017 డిసెంబరులో మనుషుల కోసం అమెరికాలో అనుమతి పొందింది. రెండు కళ్లకూ కలిపి అప్పట్లో దానికి పెట్టిన ధర 8,50,000 డాలర్లు. పుట్టుకతో చీకట్లో ఉన్న పిల్లలు దాంతో నక్షత్రాలు చూశారు. ఆ కుక్కలకు మనం బాకీ పడ్డామని నా నమ్మకం. మన ముచ్చట కోసం వాటికి అంటించిన జబ్బులతోనే మన జబ్బులకు మందు కనుక్కున్నాం మరి.

ఆ బాకీ ఎలా తీర్చాలో డాల్మేషియన్ చరిత్ర చెబుతుంది. తెల్లటి ఒంటి మీద నల్లటి చుక్కల కుక్క. మామూలు కుక్కల్లో యూరిక్ ఆమ్లం కాలేయంలోకి చేరి, నీళ్లలో తేలిగ్గా కరిగే అల్లాంటాయిన్‌గా మారి మూత్రంలో పోతుంది. డాల్మేషియన్‌లో ఆ ఆమ్లాన్ని కణంలోకి మోసుకెళ్లే వాహకం పాడైంది. అందుకే యూరిక్ ఆమ్లం అలాగే మూత్రంలోకి దిగి, రాళ్లు కడుతుంది. మగకుక్కల మూత్రనాళం సన్నం కాబట్టి రాయి అడ్డం పడి, మూత్రం ఆగిపోయి, సమయానికి ఆపరేషన్ జరక్కపోతే ప్రాణమే పోతుంది. ఈ లోపం జాతిలో కొన్నింటికి కాదు, పుస్తకంలో పేరున్న డాల్మేషియన్లన్నింటికీ ఉండేది. అంటే జాతి లోపల ఎంత జాగ్రత్తగా జతలు కలిపినా లాభం లేదు. మంచి ప్రతి ఆ పుస్తకంలోనే లేదు.

రాబర్ట్ షైబుల్ అనే అమెరికన్ జన్యుశాస్త్రవేత్త 1973లో ఒక డాల్మేషియన్‌ను పాయింటర్ జాతి కుక్కతో కలిపాడు. ఒక్కసారి, అంతే. పుట్టినవాటిలో మంచి ప్రతి ఉన్నవాటిని ఎంచి, మళ్లీ డాల్మేషియన్లతోనే తరం తర్వాత తరం కలుపుతూ పోయాడు. ప్రతి తరానికీ పాయింటర్ వాటా సగమవుతుంది. ఐదో తరం నాటికి చుక్కల కుక్కే, యూరిక్ ఆమ్లం మాత్రం మామూలు. 1981లో అమెరికన్ కెన్నెల్ క్లబ్ అలాంటి రెండు కుక్కలను నమోదు చేసింది. వెంటనే డాల్మేషియన్ పెంపకందారులు 'జాతి మైల పడింది' అన్నట్టు గొడవ చేశారు, నమోదు ఆగిపోయింది. 2008లో బనాష్ బృందం ఎస్ఎల్‌సీ2ఏ9 జన్యువులోని అసలు తప్పును పట్టుకున్నాక వాదనకు చోటు తగ్గింది. ఆ ఏడాదే మనుషుల యూరిక్ ఆమ్లం స్థాయికీ ఇదే జన్యువుకూ సంబంధం ఉందని తేలింది. గౌట్ నొప్పితో కాలి బొటనవేలు పట్టుకుని కూర్చునే మనిషికీ, మూత్రం రాక మూలిగే ఆ కుక్కకూ చుట్టరికం అలా కలిసింది. 2010లో బ్రిటన్ క్లబ్, 2011లో అమెరికన్ క్లబ్ తలుపు తెరిచాయి.

1973 నుంచి 2011 దాకా, 38 ఏళ్లు. పరిష్కారం మొదటి ఏడాదే చేతిలో ఉంది. దాదాపు పూర్తిగా డాల్మేషియన్ అయిన కుక్కను, మిగిలిన కాస్తలో ప్రాణం నిలిపే జన్యువు ఉన్నందుకు వెలివేశారు. ఆ ఏళ్లన్నీ రాళ్లతో చచ్చిన కుక్కల సంగతి తలచుకుంటే నాకు కోపం వస్తుంది. జన్యువు దొరకలేదన్న సాకు కూడా చెల్లదు, ఎందుకంటే షైబుల్ పని జన్యువు పేరు తెలియకుండానే మొదలైంది.

ఇక మన దగ్గర. 2003లో హచ్ ఫోన్ ప్రకటనలో పిల్లాడి వెంట తిరిగిన పగ్ కుక్కపిల్ల మనందరికీ గుర్తే. ఆ తర్వాత పగ్ లేని కాలనీ లేకపోయింది. కుక్క ఒళ్లు చల్లబరచుకునేది నాలుక చాపి ఒగర్చడం ద్వారా. ముక్కు నొక్కేసిన ముఖంలో గాలి ఆడదు. రామగుండంలోనో, రెంటచింతలలోనో ఎండాకాలం ఆ కుక్క పడే యాతన చూసినవాళ్లకు దాని గురక ముద్దుగా అనిపించదు. ఇక్కడ జన్యు పరీక్ష పెద్దగా అక్కరకు రాదు, మనం ముచ్చటపడే ఆ ముఖమే జబ్బు కాబట్టి. ముక్కు మరీ పొట్టిగా ఉన్న కుక్కల పెంపకాన్ని నెదర్లాండ్స్ కొలతలు పెట్టి అడ్డుకుంది. నార్వే సుప్రీంకోర్టు 2023లో కావలియర్ కింగ్ చార్లెస్ స్పానియల్‌ను ఇప్పటి తీరులో పెంచడం జంతు సంక్షేమ చట్టానికి విరుద్ధమంది. మనకు 2017లో కుక్కల పెంపకం, అమ్మకాలపై కేంద్ర నియమాలు వచ్చాయి. మరి కుక్కపిల్లల సంతలో నిలబడి వాటి గురించి అడిగి చూడండి.

దేశవాళీ జాతుల మీద ఈమధ్య గర్వం పెరిగింది. అది నాకు సంతోషమే. ముధోల్‌, రాజపాళయం కుక్కల మీద 2005లోనే తపాలా బిళ్లలు వచ్చాయి. భయమల్లా ఆ గర్వం ఇంగ్లండ్ దొరలు చేసిన తప్పునే మనతో చేయిస్తుందేమోనని. రాజపాళయాన్నే తీసుకోండి. తెలుగు రాజులు వెళ్లి స్థిరపడిన తమిళ పట్టణం, దాని పేరుతోనే ఈ కుక్క. పాలలాంటి తెలుపు, గులాబీ రంగు ముక్కు ఉంటేనే అసలుదంటారు. చెవి లోపల వినికిడి పొరకు రంగు కణాలు కావాలి. అవి లేకపోతే పుట్టిన కొద్ది వారాల్లోనే ఆ పొర పాడై, పిల్ల చెవిటిదవుతుంది. డాల్మేషియన్ల చెవుడూ ఇలాంటిదే. రాజపాళయం పిల్లల్లో చెవుడు పెంచేవాళ్లకు తెలియనిది కాదు. తెలుపును ఎంత బిగించి పట్టుకుంటే చెవుడు అంత గట్టిగా పట్టుకుంటుంది.

ముధోల్ దగ్గర తిమ్మాపూర్‌లో కర్ణాటక పశువైద్య విశ్వవిద్యాలయానికి కుక్కల పరిశోధన కేంద్రం ఉంది. మనకు తిరుపతిలో, రాజేంద్రనగర్‌లో పశువైద్య విశ్వవిద్యాలయాలున్నాయి, జన్యుశాస్త్రానికి సీసీఎంబీ ఉంది. కుక్క బుగ్గ లోపల దూదిపుల్ల తిప్పితే నమూనా వస్తుంది. సూది కూడా అక్కర్లేదు. లోపం మోసే కుక్కలన్నింటినీ ఒక్కసారిగా పక్కనపెట్టమని నేననడం లేదు. అలా చేస్తే ఉన్న కాస్త వైవిధ్యమూ పోతుంది, ఇంకో జబ్బు తలెత్తుతుంది. రెండు చెడ్డ ప్రతులుంటేనే వచ్చే జబ్బయితే, మోసేదాన్ని లోపం లేనిదానితో కలిపినా పిల్లల్లో ఏదీ జబ్బు పడదు. దేశవాళీ జాతుల పుస్తకాలకు వెనక తలుపొకటి ముందే పెట్టి ఉంచాలి. ఊరి కుక్కల్లోంచి, వేటకు వాడే కుక్కల్లోంచి మంచివి ఎంచి లోపలికి తెచ్చుకునే వీలుండాలి. డాల్మేషియన్ వాళ్లలా 38 ఏళ్లు ఆగక్కర్లేదు.

ఇంట్లో కుక్క ఉన్నవారికి ఒక్క మాట. కోలీ, షెల్టీ లాంటి జాతుల్లో ఎండీఆర్1 జన్యువులో నాలుగక్షరాల లోపం ఉంటుందని 2001లో కనుక్కున్నారు. కొన్ని జర్మన్ షెపర్డ్‌లలోనూ ఉంది. అలాంటి కుక్కకు గజ్జికో, గోమార్లకో పెద్ద మోతాదులో ఐవర్‌మెక్టిన్ ఇస్తే మందు మెదడులోకి చొరబడి ప్రాణం మీదకు తెస్తుంది. పక్కింటి కుక్కకు పనిచేసిందని ఆ సూది మీ కుక్కకు వేయించకండి.

కొత్తగా పిల్లను తెచ్చుకునేవారు తల్లినీ తండ్రినీ చూపించమని అడగండి. కేసీఐ (కెన్నెల్ క్లబ్ ఆఫ్ ఇండియా) వంశవృక్షం కాగితం ఇస్తే దాని మీది మెరుపు ముద్రను కాసేపు వదిలేసి, తల్లి వైపు తాత ముత్తాతల పేర్లూ, తండ్రి వైపు పేర్లూ వేలు పెట్టి వరుసగా చదవండి. ఒకే పేరు రెండు వైపులా కనబడితే, అదెంత గొప్ప ఛాంపియన్ పేరైనా సరే, డబ్బు ఇవ్వకుండా వెనక్కి తిరగండి.