స్కాన్ నార్మల్ వస్తే జబ్బు లేనట్టేనా?

"స్కాన్ నార్మల్, రక్తపరీక్షలు నార్మల్, ఇక వీడికి రోగమేంటి? అంతా నటన." స్కిజోఫ్రెనియా (లేని గొంతులు వినపడటం, లేనిదాన్ని నమ్మడం లాంటి లక్షణాలుండే మానసిక జబ్బు) ఉన్న మనిషి గురించి ఈ మాట విన్న ప్రతిసారీ నాకు ఒళ్లు మండిపోతుంది. ఈ జబ్బును నిర్ధారించే రక్తపరీక్ష గానీ స్కాన్ గానీ ఈ రోజుకీ లేదు. మరి డాక్టర్లు పరీక్షలెందుకు రాస్తారంటే, ఇంకేదైనా జబ్బు ఇలా కనిపిస్తోందేమో చూడటానికి. మెదడులో గడ్డ, మూర్ఛ, థైరాయిడ్ తేడా, బి12 లోపం, సిఫిలిస్, యాంఫెటమైన్ లాంటి మత్తుమందులు, వీటిలో ఏదైనా మనిషికి లేని గొంతులు వినిపించేలా చేయగలదు. 2007లో వైద్యులు వివరించిన యాంటీ ఎన్ఎండీఏ రిసెప్టర్ ఎన్‌సెఫలైటిస్‌నే తీసుకోండి. ఒంట్లో పుట్టిన యాంటీబాడీలు మెదడు కణాల మీద సంకేతాలు అందుకునే రిసెప్టర్ల మీదే పడతాయి. మొదట్లో అచ్చం స్కిజోఫ్రెనియాలాగే ఉంటుంది, కానీ వైద్యం పూర్తిగా వేరు. కనిపెట్టకపోతే ప్రాణమే పోవచ్చు.

ఇవేవీ కావని తేలాక డాక్టరు చేయాల్సింది కూర్చుని వినడం. ఇంట్లోవాళ్లనూ అడగాలి. అమెరికా మానసిక వైద్యుల నిర్ధారణ పుస్తకం డీఎస్ఎం-5 చూసేవి ఐదు: లేనిదాన్ని గట్టిగా నమ్మడం, లేని గొంతులు వినపడటం, మాటల్లో పొంతన పోవడం, ప్రవర్తన గాడి తప్పడం, నెగటివ్ లక్షణాలు (మామూలుగా ఉండాల్సిన మాట, భావం, ఉత్సాహం తగ్గిపోవడం). వీటిలో రెండైనా నెల రోజుల్లో ఎక్కువ కాలం ఉండాలి, అందులో ఒకటి మొదటి మూడింటిలోది కావాలి, ఇబ్బంది మొత్తం మీద ఆరు నెలలైనా సాగాలి. ప్రపంచ ఆరోగ్య సంస్థ జబ్బుల జాబితా ఐసీడీ-11కి మాత్రం లక్షణాలు నెల ఉంటే చాలు. అంటే కాలం కూడా నిర్ధారణలో భాగమే. బైపోలార్ కాదనీ, తీవ్రమైన డిప్రెషన్ కాదనీ చూసుకోకుండా ఒక్కసారి చూసి పేరు పెట్టేసి పంపించడం నాకు అన్యాయంగా అనిపిస్తుంది. ఆ పేరు మనిషిని జీవితాంతం వెంటాడుతుంది.

అన్నిటికంటే బాధ కలిగించేది నెగటివ్ లక్షణాల సంగతి. మాట తగ్గిపోతుంది, ముఖంలో భావం పోతుంది, స్నానం చేయాలన్నా మనసు రాదు. అది కూడా జబ్బే. చుట్టూ ఉన్నవాళ్లు మాత్రం దానికి బద్ధకం అని పేరు పెట్టి తిడతారు.

కారణాల దగ్గరికొస్తే, "మెదడులో డోపమైన్ ఎక్కువైంది" అని ఒక్క ముక్కలో తేల్చేస్తారు. డోపమైన్ అంటే మెదడు కణాల మధ్య సంకేతాలు మోసే రసాయనం. దానికి ఆధారం లేకపోలేదు. 1952లో పారిస్‌లో క్లోర్‌ప్రొమజైన్‌తో మొదలైన ఈ జబ్బు మందులు ఎంత డోసులో పనిచేస్తాయన్నది, అవి డోపమైన్‌ను అందుకునే డీ2 రిసెప్టర్లకు ఎంత గట్టిగా అతుక్కుని దాన్ని అడ్డుకుంటాయన్నదాన్ని బట్టి ఉంటుందని 1970ల నడుమ తేలింది. కానీ గ్లూటమేట్ అనే మరో మెదడు రసాయనం దారిని అడ్డుకునే కెటమైన్ అనే మత్తుమందు కూడా ఆరోగ్యవంతుల్లో కాసేపు ఇలాంటి లక్షణాలే తెస్తుంది, నెగటివ్ లక్షణాలతో సహా. మరి డోపమైన్ ఒక్కటే ఎలా అవుతుంది?

జన్యువుల్లోనూ అంతే, ఒక్క దోషి దొరకడు. 2014లో జన్యుపటం మీద 108 చోట్ల సంబంధం కనిపెట్టారు, 2022 నాటికి అవి 287 అయ్యాయి. వీటిలో ఒక్కోదాని ప్రభావం చాలా చిన్నది. నన్ను బాగా ఆలోచింపజేసింది 2016లో బయటపడిన సీ4 జన్యువు సంగతి. ఎదిగే వయసులో మెదడు తనకు అక్కర్లేని నరాల లంకెలను, తోటమాలి కొమ్మలు కత్తిరించినట్టు, తీసేస్తుంది. సీ4 ఎక్కువగా పనిచేస్తే ఆ కత్తిరింపు మితిమీరుతుందేమోనని శాస్త్రవేత్తల అనుమానం. ఈ జబ్బు ఎక్కువగా ఇరవైల దగ్గరే ఎందుకు బయటపడుతుందో అర్థం చేసుకోవడానికి ఇదొక దారి. ఇక 1944-45 చలికాలంలో నెదర్లాండ్స్‌లో తీవ్రమైన కరువు వచ్చినప్పుడు కడుపులో పడిన పిల్లల్లో ఈ జబ్బు దాదాపు రెట్టింపు కనిపించింది. పుట్టకముందే కొంత కథ మొదలవుతోందన్నమాట.

ఇంత తెలిశాక కూడా తల్లిని నిందిస్తారే, అదే నేను సహించలేను. 1948లో ఫ్రీడా ఫ్రామ్-రైక్‌మన్ అనే మానసిక వైద్యురాలు ఈ జబ్బు తెచ్చిపెట్టే తల్లి ఉంటుందని రాసింది. ఆ మాట పట్టుకుని దశాబ్దాల పాటు ఎందరో తల్లులను దోషులుగా నిలబెట్టారు. దానికి ఆధారం దొరకలేదు. ఇప్పుడు అదే నింద "వాళ్ల రక్తంలోనే ఉంది" అనే రూపంలో వస్తోంది. ఒకేలాంటి కవలల్లో ఒకరికి జబ్బుంటే రెండోవారికి వచ్చే అవకాశం సుమారు సగమో, అంతకంటే తక్కువో. తల్లిదండ్రుల్లో ఒకరికి ఉంటే పదిమంది పిల్లల్లో సుమారు తొమ్మిది మందికి రాదు. ఆ తొమ్మిది మందిని బతుకంతా అనుమానంగా చూసే హక్కు ఎవరిచ్చారు మనకి?