గమ్ము సీసాతో దిద్దే చరిత్ర

2024 జూన్‌లో తెలంగాణలో బళ్ళు తెరిచారు, పిల్లలకి తెలుగు పుస్తకాలు పంచేశారు. పంచాక ఎవరో ముందుమాట తిప్పి చూస్తే ముఖ్యమంత్రిగా ఇంకా కేసీఆర్ పేరే ఉంది. అప్పటికి ప్రభుత్వం మారి ఆర్నెల్లు. ఇంకేముంది, పుస్తకాలు వెనక్కి తీసుకోండి, ఆ పేజీ కనపడకుండా అంటించి ఇవ్వండి అన్నారు. బడి తెరిచిన వారంలో టీచర్ల చేతుల్లో చాక్‌పీసులకి బదులు గమ్ము సీసాలు. మనవాళ్ళు వాట్సాప్‌లో తెగ నవ్వుకున్నారు గానీ ఇందులో కొత్తేం లేదు. మద్రాసులో ఈ ముచ్చట 2011లోనే అయిపోయింది. జయలలిత గెలవగానే కరుణానిధి తెచ్చిన సమచ్చీర్ కల్విని, అంటే అన్ని బోర్డులకీ ఒకటే సిలబస్‌ని, ఆపేద్దామని చూశారు. హైకోర్టు కుదరదంది, ఆగస్టు 9న సుప్రీంకోర్టు కూడా కుదరదనేసింది. అప్పటిదాకా పిల్లలు పుస్తకాల్లేకుండానే బడికెళ్ళొచ్చారు. తీరా పుస్తకాలు చేతికొచ్చేసరికి కరుణానిధి కవిత ఉన్నచోట స్టిక్కరు. స్టిక్కరు అంటిస్తే పిల్లలు ముందు గీకేది దాన్నే అని ఆ ఆఫీసర్లకి తెలీదేమో, వాళ్ళు ఎప్పుడు పిల్లలుగా ఉన్నారో పాపం.

నేనుండేది బెంగళూరులో. ఇక్కడ గమ్ము చాల్లేదు, పుస్తకాలు తిరగరాయడానికి కమిటీలే వేశారు. సిద్ధరామయ్య మొదటి దఫాలో బరగూరు రామచంద్రప్ప కమిటీ, బీజేపీ వచ్చాక రోహిత్ చక్రతీర్థ కమిటీ, 2023లో కాంగ్రెస్ తిరిగి రాగానే అది పెట్టినవి తీసేయడానికి ఇంకో కసరత్తు. ఆరెస్సెస్ పెట్టిన హెడ్గేవార్ పాఠంగా లోపలికి వచ్చాడు, బయటికి పోయాడు, సావిత్రీబాయి ఫూలే వచ్చింది. ఇదంతా మీరు ఫాలో అయ్యే ఉంటారు, మళ్ళీ చెప్పను.

మా కింద ఫ్లాట్‌లో నెల్లూరు వాళ్ళున్నారు, వాళ్ళబ్బాయి స్టేట్ సిలబస్. 2022లో ఎనిమిదో క్లాసు. ఆ ఏడాది ఎనిమిదో క్లాసు కన్నడ పుస్తకంలోనే ఉంది ఆ బుల్‌బుల్ పిట్ట పాఠం. అండమాన్ జైల్లో సావర్కర్ ఉన్న గదికి చిన్న కన్నం కూడా లేదట, అయినా ఎక్కణ్ణుంచో బుల్‌బుల్ పిట్టలు వచ్చేవట, వాటి రెక్కల మీద కూర్చుని ఆయన రోజూ మాతృభూమిని చూసొచ్చేవాడట. వాడొచ్చి "అంకుల్, కన్నమే లేకపోతే పిట్ట ఎట్టొచ్చింది?" అన్నాడు. మనిషి పిట్ట మీద ఎలా కూర్చున్నాడన్నది వాడి రెండో డౌటు! అది అలంకారం, ఉపమానం అని పెద్దవాళ్ళు సర్ది చెప్పారు టీవీల్లో. అలంకారమైతే అలంకారమనే చెప్పాలి కదండీ పిల్లాడికి. తర్వాతి ఏడు వాడు తొమ్మిదికి వెళ్ళేసరికి బళ్ళు తెరిచాక పాఠాలు తీసేసి, కొత్తవి సప్లిమెంటుగా పంపుతామన్నారు. వాడికి అర్థమైంది ఒక్కటే, చరిత్ర అంటే ఎవరు గెలిస్తే వాళ్ళది అని. అది ఏ సిలబస్‌లోనూ లేదు, వాడే నేర్చుకున్నాడు.

అసలు నన్ను కుదురుగా కూర్చోనివ్వని విషయం ఇంకోటుంది, దాని గురించి ఎవరూ రాయట్లేదు. 2022 మే, జూన్ నెలల్లో ఎవరు అరిస్తే ఏం మారిందో ఒకసారి గుర్తు తెచ్చుకోండి. బసవణ్ణ పాఠంలో తప్పులున్నాయని లింగాయత్ స్వామీజీలు ఉత్తరాలు రాశారు, ప్రభుత్వం దిగొచ్చి సరిచేస్తామంది. కన్నడ కవి కువెంపుని అవమానించారని ఒక్కలిగ మఠం, దేవెగౌడ మాట్లాడారు, ఆ చక్రతీర్థ కమిటీనే రద్దు చేసేశారు. అంబేద్కర్ పేరు ముందు రాజ్యాంగ శిల్పి అన్న మాట ఎగిరిపోతే దళిత సంఘాలు రోడ్డెక్కాయి, అదీ తిరిగొచ్చింది. కన్నడ రచయిత దేవనూరు మహాదేవ నా పాఠం మీ పుస్తకంలో వద్దు అని అనుమతే వెనక్కి తీసుకున్నారు, అది ఆయన మర్యాద. సరే, మరి పెరియార్ మీద పాఠం తగ్గిపోతే అడిగే మఠం ఏది? మఠం లేదు, ఓట్ల లెక్క లేదు, కాబట్టి తొందర కూడా లేదు. నా లెక్కలో మన పాఠ్యపుస్తకం చరిత్ర పుస్తకం కాదు, అదొక జీవో. ఎవరి వెనక మఠం ఉందో, ఎవరి వెనక నియోజకవర్గాలు ఉన్నాయో వాళ్ళకి అందులో నాలుగు లైన్లు శాంక్షన్ అవుతాయి, రేషన్ కార్డులాగే.

ఉరి గౌడ, నంజె గౌడ సంగతి చూడండి. టిప్పుని చంపింది బ్రిటిష్‌వాళ్ళు కాదు ఈ ఇద్దరు ఒక్కలిగ వీరులని 2023 ఎన్నికల ముందు మొదలెట్టారు. మండ్యలో వాళ్ళ పేర్లతో ఆర్చి కట్టారు, మళ్ళీ విప్పారు, ఒక మంత్రిగారు సినిమా తీస్తానన్నారు. ఆధారం చూపించండి అని చరిత్రకారులు మొత్తుకుంటే ఎవరూ పట్టించుకోలా. చివరికి ఒక్కలిగల ఆదిచుంచనగిరి మఠం స్వామీజీ పిలిచి వద్దంటే ఆగింది. ఆగినందుకు సంతోషమే. కానీ ఆగింది ఆధారం లేదని కాదు, స్వామీజీ వద్దన్నారని. రేపు ఇంకో స్వామీజీ కానివ్వండి అంటే?

టిప్పు దగ్గరకే వస్తాను, ఈ ఊళ్ళో చరిత్ర గొడవంటే టిప్పు గొడవే కదా. 1791లో మరాఠా సైన్యం శృంగేరి మఠాన్ని దోచుకుంది. హిందూ సైన్యం, హిందూ మఠం. అప్పుడు శంకరాచార్యులకి కన్నడంలో ఉత్తరాలు రాసి, గుడి బాగుచేయడానికి డబ్బు పంపించింది టిప్పు. ఆ ఉత్తరాలు 1916లో మైసూరు పురావస్తు శాఖ వాళ్ళకి దొరికాయి, కట్టుకథ కాదు. ఇదే టిప్పు 1784లో మంగళూరు కాథలిక్కుల్ని వేలల్లో పట్టుకుని శ్రీరంగపట్నం నడిపించాడు, కొడగులో చేసింది కొడవలు ఇప్పటికీ మర్చిపోలేదు. ఇదీ కట్టుకథ కాదు. ఇప్పుడు కాంగ్రెస్‌వాళ్ళకి మొదటి కాగితం కావాలి, బీజేపీవాళ్ళకి రెండోది కావాలి. నేనడిగేది ఏంటంటే, రెండు కాగితాల ఫొటోలూ ఎదురెదురు పేజీల్లో వేసి కింద ఒకే ఒక్క ప్రశ్న ఇవ్వండి: ఒకే మనిషి ఈ రెండూ ఎందుకు చేశాడు? పన్నెండేళ్ళ పిల్ల దీనికి మన టీవీ డిబేట్ కన్నా మంచి జవాబు చెప్తుంది, నాది గ్యారంటీ. రాజకీయం అంటే ఏంటో, రాజ్యం ఎలా నడుస్తుందో, శత్రువు మఠాన్ని దోచినప్పుడు రాజుకి దొరికే అవకాశం ఏంటో అంతా ఆ ప్రశ్నలోనే వచ్చేస్తుంది. కానీ అలాంటి పేజీ ఏ పార్టీకీ పనికిరాదు, ఎందుకంటే దాన్ని ఓటుగా మార్చలేం.

నిజమే, పాత పుస్తకాలు రాసినవాళ్ళూ కొన్ని దాచారు, ఒక వైపే చూపించారు అనేవాళ్ళున్నారు, వాళ్ళ మాట పూర్తిగా తోసెయ్యలేం. 2012లో అంబేద్కర్ మీద శంకర్ వేసిన 1949 నాటి కార్టూన్ ఎన్‌సీఈఆర్‌టీ పుస్తకంలో ఉందని పార్లమెంటు అట్టుడికితే, తలొంచి తీసేసింది యూపీయేనే. అయితే ఒకడి దాపరికానికి ఇంకొకడి దాపరికం మందు కాదు. ఇప్పుడు పన్నెండో క్లాసులో బాబ్రీ మసీదు పేరు పోయి మూడు గుమ్మటాల కట్టడం మిగిలింది. ఆ పుస్తకాల్లో మా పేర్లు తీసేయండి మహాప్రభో అని వాటికి ముఖ్య సలహాదారులుగా ఉన్న యోగేంద్ర యాదవ్, సుహాస్ పళ్శీకర్ 2023లో ఉత్తరం రాసుకున్నారు. 2025 ఎనిమిదో క్లాసు పుస్తకమైతే బాబర్‌ని క్రూరుడని చెప్పి, పక్కనే అప్పటివాటికి ఇప్పటివాళ్ళని బాధ్యుల్ని చేయకూడదని ఒక నోటు పెట్టింది, సిగరెట్ ప్యాకెట్ మీద హెచ్చరికలాగా. ప్యాకెట్ అమ్మేది మాత్రం మానరు.

పుస్తకం రాసే పెన్ను మంత్రి చేతిలోంచి తీసేసుకోవాలి, జడ్జీల్లాగా కదిలించలేని టర్మ్ ఉన్నవాళ్ళకి ఇవ్వాలి, ఏడాది మధ్యలో మార్చకూడదు. ఇది చెప్పడం తేలిక, అందరూ చెప్తారు. కానీ ఇంట్లో మనం చేసేదేంటి? మన తెలుగిళ్ళల్లో సోషల్ అనేది ఒక సబ్జెక్టా అసలు? "సోషల్ చివర్లో బట్టీ కొట్టేయొచ్చు, నువ్వు మ్యాథ్స్ చూస్కో" అనని తండ్రిని ఒక్కణ్ణి చూపించండి. ఆరో క్లాసు నుంచే ఐఐటీ ఫౌండేషన్. ఇంట్లో ఆ టెక్స్ట్‌బుక్ తప్ప రెండో చరిత్ర పుస్తకం ఉండదు, అందుకే ఆ ఒక్క పుస్తకం కోసం పార్టీలు ఇంతలా కొట్టుకుంటాయి. ఒకే బావి ఉన్న ఊళ్ళో బావి ఎవడి చేతిలో ఉంటే వాడే దొర. ఈ ఊరు కట్టిన కెంపేగౌడ తెలుగులో యక్షగానం రాశాడంటారు, ఎయిర్‌పోర్టుకి పోయినప్పుడల్లా ఆయన 108 అడుగుల విగ్రహం ముందు సెల్ఫీ దిగే మనవాళ్ళలో ఎంతమందికి తెలుసు ఈ సంగతి?

పోయిన నెల ఒక ఆదివారం ఆ నెల్లూరబ్బాయి చెల్లెల్నీ ఇంకో ఇద్దరు పిల్లల్నీ బేగూరు తీసుకెళ్ళాను, నాగేశ్వర గుడికి. అక్కడ దొరికిన శాసనంలో బెంగళూరు యుద్ధం అని ఉంది, సుమారు 890 నాటిది. బెంగళూరుకి ఆ పేరు ఎలా వచ్చిందో చెప్పే కథ మీకు తెలుసుగా, వీర బల్లాల రాజు దారి తప్పితే ఒక ముసలమ్మ ఉడికించిన చిక్కుడు గింజలు పెట్టిందని, బెంద కాళూరు అని. ఆ రాజు 12వ శతాబ్దం వాడు. పిల్ల వేళ్ళ మీద లెక్కేసుకుంది, కళ్ళు ఇంతింత చేసుకుని "అంటే రాజుగారికంటే మూడొందల ఏళ్ళ ముందే ఊరి పేరు ఉంది కదంకుల్, మరి చిక్కుళ్ళ కథ మా మిస్ నోట్స్‌లో రాయించారే" అంది. నాకు ఆ నిమిషం ఎంత గర్వంగా అనిపించిందో చెప్పలేను, ఇదే కదా చరిత్ర చదవడమంటే అనుకున్నాను. కారెక్కేటప్పుడు మళ్ళీ అడిగింది, పరీక్షలో వస్తే ఏం రాయాలి అని.

చిక్కుళ్ళే రాయమ్మా, మార్కులు పోతాయి అన్నాను.