డెల్టాలో బీరు రుచి తేలేది ట్యాంకు దగ్గరే

మైక్రో బ్రూవరీ పెట్టాలనుకునేవాళ్లు మాల్ట్ (మొలకెత్తించి ఎండబెట్టిన బార్లీ) ఎక్కడ కొనాలి, హాప్స్ (బీరుకి చేదు, వాసన ఇచ్చే పూలు) ఏ దేశానివి మంచివి అని నెలల తరబడి ఆరా తీస్తారు. ట్యాంకులు మాత్రం కేటలాగ్ చూసి ఆర్డర్ ఇచ్చేస్తారు. కాకినాడలోనో భీమవరంలోనో అలా చేస్తే బీరు పాడయ్యేది ఆ ట్యాంకు దగ్గరే. చలి దేశాలకు లెక్కకట్టిన డిజైన్ మన ఎండకు, ఉక్కకు, ఉప్పునీటికి ఆగదు.

పాత్రను బట్టి పానీయం మారుతుందని మన గీత కార్మికులకు ఎప్పటి నుంచో తెలుసు. సున్నం పూసిన లొట్టిలో పడిన తాటి రసం తియ్యటి నీరాగా నిలుస్తుంది. సున్నం లేకపోతే అదే రసం చెట్టు మీదే పులవడం మొదలై కల్లవుతుంది.

బీరులో అసలు చిక్కు చల్లబరచడం. మరిగిన మాల్ట్ రసాన్ని, అంటే వోర్ట్‌ని, పులియబెట్టే ఈస్ట్ కలిపే ముందు, కాస్త వెచ్చగా పులిసే ఏల్ రకం బీరుకైతే 20 డిగ్రీల దరిదాపులకు, చల్లగా పులిసే లాగర్ రకానికైతే 10-12 డిగ్రీలకు దించాలి. ఈ పని ప్లేట్ హీట్ ఎక్స్ఛేంజర్ చేస్తుంది: పలుచటి స్టీలు రేకులకు ఒక వైపు వోర్ట్, మరో వైపు చల్లటి నీళ్లు పారుతాయి. అందులో పారే నీళ్ల కన్నా వోర్ట్ ఎప్పటికీ చల్లబడదు. మే నెలలో మన ఓవర్‌హెడ్ ట్యాంకు నీళ్లే 30 డిగ్రీలు దాటి ఉంటాయి. అందుకే ఇక్కడ రెండు దశల ఎక్స్ఛేంజర్ తప్పనిసరి: మొదట మామూలు నీళ్లు, ఆ తర్వాత చిల్లర్ (చల్లబరిచే యంత్రం) నుంచి వచ్చే గ్లైకాల్, అంటే సున్నా కన్నా కిందకి దించినా గడ్డకట్టని ద్రవం. అది లేక వోర్ట్ చాలాసేపు వేడిగా ఉండిపోతే ఉడికిన మొక్కజొన్న వాసన పట్టుకుంటుంది. గోరువెచ్చగా మిగిలితే బాక్టీరియా చేరుతుంది. ఎంత ఖరీదైన హాప్స్ వేసినా ఆ బ్యాచ్ బాగుపడదు.

పులిసేటప్పుడు ఈస్ట్ కూడా వేడి పుట్టిస్తుంది. పని అయ్యాక అది ట్యాంకు అడుగున శంకువు ఆకారపు భాగంలోకి దిగుతుంది. 20వ శతాబ్దం తొలి ఏళ్లలో లియోపోల్డ్ నాథన్ అనే ఆయన ఈ ఆకారాన్ని బీరు తయారీలోకి తెచ్చింది ఈస్ట్‌ని కింద నుంచి సులువుగా తీసేయడానికే. కానీ ముద్దగా పేరుకున్న ఈస్ట్ లోపలి వేడి ఓ పట్టాన బయటికి రాదు. ఆ శంకువు (కోన్) చుట్టూ కూలింగ్ జాకెట్, అంటే గ్లైకాల్ పారే పొర, లేకపోతే ఈస్ట్ చచ్చి కుళ్లు వాసన బీరులోకి దిగుతుంది. డబ్బు ఆదా చేయడానికి ఆ జాకెట్ వదులుకోవడం మన వాతావరణంలో పెద్ద పొరపాటు. మన గాలిలో తేమకు చల్లటి పైపుల మీద నీళ్లు కారుతుంటాయి. ఇన్సులేషన్‌కి పైన తేమ చొరబడని పొర లేకపోతే అది తడిసి పనికిరాకుండా పోతుంది.

ఇక నీళ్లు. నరసాపురం, అమలాపురం వైపు తీరానికి దగ్గరయ్యేకొద్దీ చాలా చోట్ల బోరు నీళ్లు ఉప్పగా ఉంటాయి. అందులోని క్లోరైడ్, ముఖ్యంగా వేడి నీళ్ల ట్యాంకుల్లో, 304 రకం స్టెయిన్‌లెస్ స్టీలుకి సన్నటి గుంటలు పెడుతుంది. బాక్టీరియా దాక్కునేది ఆ గుంటల్లోనే. మాలిబ్డినం అనే లోహం కలిసిన 316 రకం స్టీలు ఖరీదెక్కువే అయినా ఉప్పుకి బాగా తట్టుకుంటుంది. ఆర్‌ఓ నీళ్లు వాడితే స్టీలు భద్రమే, కానీ వాటిలో కాల్షియం దాదాపు ఉండదు, జిప్సం లాంటి కాల్షియం లవణాలు మళ్లీ కలుపుకోవాలి. వెల్డింగ్ గరుకుగా ఉన్నా, పైపుల్లో శుభ్రం చేసే ద్రావణం పారని మూల మిగిలినా అక్కడా బాక్టీరియా దాక్కుంటుంది.

ఆర్డర్ ఇచ్చే ముందు చిల్లర్ సామర్థ్యాన్ని బయట 45 డిగ్రీల ఎండకు లెక్కకట్టి రాతపూర్వకంగా ఇమ్మని అడగండి. కరెంటు పోతే గ్లైకాల్ ట్యాంకులో నిల్వ ఉన్న చలువ ఎన్ని గంటలు ఆగుతుందో కూడా ఆ కాగితంలోనే రాయించుకోండి.