కొలాజ్ ప్రింట్ అంటే సంతకం చేసిన జిరాక్సేనా? ఆ మెసేజ్‌కు నా జవాబు

ఆర్ట్ గురించి మాట్లాడుకునే గ్రూపుల్లో ఈ మధ్య ఒక మెసేజ్ తెగ తిరుగుతోంది. దాని సారం ఇది: "లిమిటెడ్ ఎడిషన్ కొలాజ్ ప్రింట్లు మోసం. పాత పత్రికల్లో బొమ్మలు కత్తిరించి అంటిస్తారు, అది ఎవరైనా చేస్తారు, పైగా దొంగతనం. దాన్ని స్కాన్ చేసి ప్రింట్ తీస్తారు, కింద పెన్సిల్‌తో 7/50 (యాభై ప్రతుల్లో ఏడోది) అని రాసి వేలకు వేలు గుంజుతారు. ఒరిజినల్ ఒక్కటే, మిగతావి జిరాక్సులు. ఎన్ని కావాలంటే అన్ని వేసుకోవచ్చు. కొనాలనే ఉంటే 1వ నంబరు కొనండి, సంతకం చూసుకోండి, చాలు." ఇది చదివి ప్రింట్లంటేనే మొహం తిప్పుకున్నవాళ్లు నాకు తెలుసు. అందుకే ఒక్కొక్క మాటా తీసుకుని జవాబు చెబుతున్నాను.

"ఒరిజినల్ ఒక్కటే, మిగతావి జిరాక్సులు."

అమెరికన్ ఆర్టిస్టు రాబర్ట్ రౌషెన్‌బర్గ్ 1967లో లాస్ ఏంజెలెస్‌లోని జెమినై జి.ఇ.ఎల్. వర్క్‌షాపులో 'బూస్టర్' అనే ప్రింట్ చేశారు. ఎత్తు ఆరడుగులు. మధ్యలో తల నుంచి పాదాల దాకా ఆయన సొంత ఎక్స్‌రే. ఒంటినంతా ఒకేసారి తీసే ఎక్స్‌రే దొరక్క ముక్కలుగా తీయించి ఒకదాని కింద ఒకటి పేర్చారు. చుట్టూ పత్రికల నుంచి వచ్చిన బొమ్మలు, వాటి మీదుగా ఎర్ర రంగులో 1967వ సంవత్సరపు ఖగోళ చార్టు. అంత పెద్ద లిథో రాయి (బొమ్మ గీసి అచ్చువేసే నున్నటి రాయి) దొరక్క రెండు రాళ్లు వాడారు. చార్టును స్క్రీన్ ప్రింటింగ్‌తో వేశారు. మన ఊళ్లలో శుభలేఖలు అచ్చువేసేవాళ్లకు బాగా తెలిసిన పద్ధతే అది. మొత్తం 38 ప్రతులు.

ఇందులో ఒరిజినల్ ఏదో చూపించమనండి. ముక్కలన్నీ కలిసింది రాళ్ల మీద, స్క్రీన్ మీద. అవన్నీ ఒక్క బొమ్మగా కంటికి కనిపించింది అచ్చుపడ్డ కాగితం మీదే. వేరే చోట దాచిన మూల కొలాజ్ ఒకటి ఉండి, దాన్ని కాపీ కొట్టడం జరగలేదు. ఆ 38లో ప్రతిదీ అసలు బొమ్మే.

ఇంకో రకం కూడా ఉందని ఒప్పుకోవాలి. కాగితం మీద పూర్తయిన కొలాజ్‌ను స్కాన్ చేసి ఇంక్‌జెట్‌లో తీసేవి. వాటిని జిక్లే ప్రింట్లని అమ్ముతారు. అవి పునర్ముద్రణలే. ఆ సంగతి దాచి అమ్మితే తప్పు, అక్కడ మెసేజ్ రాసినవారి కోపం న్యాయమే. కానీ డిజిటల్ ప్రింట్ తీశాక ప్రతి కాగితం మీదా మళ్లీ చేత్తో ముక్కలు అంటించే ఆర్టిస్టులూ ఉన్నారు. అన్నిటినీ ఒకే గాటన కట్టడం అన్యాయం.

"కత్తిరించి అంటించడం ఎవరైనా చేస్తారు, పైగా అది దొంగతనం."

శాంతినికేతన్ కళాకారుడు వినోద్ బిహారీ ముఖర్జీ 1950లలో కంటి ఆపరేషన్ విఫలమై చూపు పూర్తిగా పోగొట్టుకున్నారు. ఆ తర్వాత వేళ్లతో తడుముకుంటూ కాగితాలు కత్తిరించి కొలాజ్‌లు చేశారు. ఏ ముక్క ఎక్కడ ఉండాలన్న నిర్ణయంలోనే ఉంది కళంతా. కత్తెర అందరి ఇళ్లలోనూ ఉంటుంది.

దొంగతనం సంగతి మాత్రం తేలిగ్గా తీసేయలేం. రౌషెన్‌బర్గ్ 1974లో చేసిన 'పుల్' అనే ప్రింట్‌లో నీళ్లలోకి దూకుతున్న మనిషి ఫొటో మోర్టన్ బీబీ అనే ఫొటోగ్రాఫర్‌ది. బీబీ కేసు వేశారు, 1980లో రాజీ కుదిరింది. ఆ తర్వాతి కాలంలో రౌషెన్‌బర్గ్ ఎక్కువగా తాను తీసిన ఫొటోలే వాడారు. అంటే హక్కుల ప్రశ్న నిజమైనదే, దానికి దారులూ ఉన్నాయి. దాన్ని పట్టుకుని కొలాజ్ మొత్తాన్నీ దొంగసొత్తు అనడం కుదరదు.

"ఎన్ని కావాలంటే అన్ని వేసుకోవచ్చు."

రాయి మీద, స్క్రీన్ మీద చేసినదానికి ఈ మాట వర్తించదు. ముందు ఆర్టిస్టు ఒక ప్రూఫ్‌ను, అంటే నమూనా ప్రతిని, ఖాయం చేస్తారు, మిగతావన్నీ దానికి సరిపోవాలి. ఎడిషన్ (అనుకున్న ప్రతులన్నీ) పూర్తయ్యాక రాయిని అరగదీస్తారు, స్క్రీన్ కడిగేస్తారు, రాగి ప్లేటయితే అడ్డంగా గీతలు గీసి పాడుచేస్తారు. నంబర్లు వేసినవి కాక ఆర్టిస్టు తన కోసం ఉంచుకునే కొన్ని ఆర్టిస్ట్ ప్రూఫ్‌లు ఉంటాయి, వాటి మీద ఎ.పి. అని రాస్తారు. అవెన్నో కూడా అడిగి తెలుసుకోవాలి. కాలిఫోర్నియాలో 1970ల నుంచే ఇలాంటి వివరాలు కొనేవాళ్లకు చెప్పాలని చట్టం ఉంది. డిజిటల్ ఫైలు విషయంలో భయం సబబే, ఎందుకంటే దాన్ని అరగదీసే రాయి లేదు. అక్కడ ఆర్టిస్టు రాసిచ్చే మాటే ఆధారం.

"1వ నంబరే కొనండి."

రాగి ప్లేటు మీద సూదితో గీసి అచ్చువేసే డ్రైపాయింట్‌లో అయితే దీనికి కొంత అర్థం ఉంది. సూదితో గీసినప్పుడు లేచే రాగి అంచు ప్రెస్సు కింద నలిగి అరుగుతుంది, మొదటి ప్రతుల్లో గీత నిండుగా పడుతుంది. కొలాజ్ ప్రింట్లు ఎక్కువగా వచ్చే స్క్రీన్ ప్రింటింగ్‌లో ఆ అరుగుదల ఉండదు. పది రంగులుంటే కాగితాల కట్ట పదిసార్లు చేతులు మారుతుంది, వరస చెదురుతుంది. సంతకం పెట్టే రోజు పైన ఏది ఉంటే దానికి 1 పడొచ్చు.

నంబరు కన్నా ప్రతినే చూడమంటాను. చిత్తూరు జిల్లాలో 1925లో పుట్టిన మన కృష్ణారెడ్డి పారిస్‌లోని అటెలియే 17 అనే ప్రింట్ వర్క్‌షాపులో పనిచేస్తూ, చిక్కదనంలో తేడా ఉన్న ఇంకులతో ఒకే ప్లేటు మీద పలు రంగులు అచ్చువేసే పద్ధతిని తీర్చిదిద్దారు. ఆయనవి కొలాజ్‌లు కావు, కానీ ప్రింట్‌ను జిరాక్స్ అనేవాళ్లు చూడాల్సినవి. ప్రతిసారీ ఇంకు కొత్తగా పట్టించాలి, అందుకే ఏ రెండు ప్రతులూ అచ్చంగా ఒకేలా రావు.

"సంతకం చూసుకోండి, చాలు."

మెసేజ్ మొత్తంలో జేబుకు చిల్లు పెట్టే సలహా ఇదే. 1974లో ఫ్రెంచ్ కస్టమ్స్ అధికారులు ఒక ట్రక్కును ఆపితే, స్పెయిన్ చిత్రకారుడు సాల్వడార్ డాలీ సంతకం తప్ప ఇంకేమీ లేని ఖాళీ కాగితాలు 40,000 దొరికాయి. బొమ్మ తర్వాత ఎవరు అచ్చువేసినా సంతకం అసలుదే! ఏ పద్ధతిలో తీశారు, ఏ వర్క్‌షాపులో, ఏ ఏడాది, మొత్తం ఎన్ని, వేరే సైజులో ఇంకో ఎడిషన్ ఉందా అని అడగండి. రాతపూర్వకంగా జవాబు ఇవ్వనివారి దగ్గర కొనకండి.