ఫ్యాక్టరీ ముందొచ్చిందా, ఊరు ముందొచ్చిందా?

పోయిన వారం మా బంధువుల వాట్సాప్ గ్రూపులో బాబాయి ఒక మెసేజ్ పెట్టాడు. అంతకుముందే ఇంకో రెండు గ్రూపుల్లో అది నాకు వచ్చింది. అందులో ఉన్నదేమిటంటే: ఫ్యాక్టరీలు ఎప్పుడో ఊరి బయట పెట్టారు, జనమే తర్వాత వెళ్ళి పక్కన ఇళ్ళు కట్టుకుని ఇప్పుడు గోల చేస్తున్నారు. మన పర్యావరణ చట్టాలు మరీ కఠినం, పరిశ్రమ పెట్టేవాణ్ణి బతకనివ్వవు. కాలుష్యం వల్లే జబ్బులు వచ్చాయని ఎవరూ నిరూపించలేదు. పేదరికమే పెద్ద కాలుష్యమని ఇందిరాగాంధీయే చెప్పింది. కేసులు వేసేవాళ్ళంతా విదేశీ డబ్బుతో ఆడే బొమ్మలు.

బాబాయి మంచి మనిషి. ఫ్యాక్టరీ జీతంతోనే పిల్లల్ని చదివించాడు, కాబట్టి ఆయన కోపం నాకు అర్థమవుతుంది. గ్రూపులో జవాబు రాస్తే పది నిమిషాల్లో గుడ్ మార్నింగ్ ఫోటోల కింద పడిపోతుంది. అందుకే తీరిగ్గా ఇక్కడ రాస్తున్నాను.

మొదటి మాటతోనే మొదలుపెడదాం. ఫ్యాక్టరీ ముందొచ్చింది, జనం తర్వాత వచ్చారు. ఈ మాట ఎక్కువగా వినపడింది విశాఖలో ఎల్‌జీ పాలిమర్స్ దుర్ఘటన తర్వాత. 2020 మే 7 తెల్లవారుజామున ట్యాంకులో ప్లాస్టిక్ తయారీకి వాడే స్టైరీన్ అనే రసాయనం వేడెక్కి ఆవిరై ఆర్.ఆర్. వెంకటాపురం మీదికి వచ్చింది. నిద్రలో ఉన్నవాళ్ళు లేచి పరుగెత్తారు, రోడ్ల మీద పడిపోయారు. 12 మంది చనిపోయారు, వందల మంది ఆసుపత్రుల్లో చేరారు. ఆ ఫ్యాక్టరీ 1961లో హిందుస్థాన్ పాలిమర్స్ పేరుతో మొదలైంది, ఆ తర్వాత నగరం దాని చుట్టూ పెరిగింది. ఇంతవరకు మెసేజ్ చెప్పినదాంట్లో తప్పు లేదు.

కానీ 1961 నాటి ఫ్యాక్టరీ, 2020 నాటి ఫ్యాక్టరీ ఒకటే అని ఎవరన్నారు? ఇళ్ళతో పాటు ఉత్పత్తీ పెరిగింది. తాము చేస్తున్న ఉత్పత్తికి సరిపడే పర్యావరణ అనుమతి తమ దగ్గర లేదని 2019 మేలో కంపెనీయే అఫిడవిట్‌లో రాసిచ్చింది. ప్రమాదానికి సరిగ్గా ఏడాది ముందు! ఆ ఇళ్ళ లేఅవుట్లకు సంతకాలు పెట్టింది ఎవరు? ఆ ఊళ్ళోవాళ్ళు కాదు కదా.

సరే, జనమే తర్వాత వచ్చారనుకుందాం. అయినా చట్టం ఆ లెక్క చూడదు. పక్కవాడి వల్ల ఇబ్బంది అని వేసే న్యూసెన్సు కేసులో, ఎదుటివాడు తర్వాత వచ్చాడన్నది చెల్లే జవాబు కాదు. భోపాల్ తర్వాత, 1987లో ఫ్యాక్టరీల చట్టంలో 41బి అనే సెక్షన్ చేర్చారు. ప్రమాదకరమైన పరిశ్రమ నడిపేవాడు లోపల ఏముంది, దానివల్ల ఏం జరగొచ్చు, జరిగితే ఏం చెయ్యాలి అన్నది కార్మికులతో పాటు చుట్టుపక్కల ఉండే జనానికి కూడా తెలియజెయ్యాలని ఆ సెక్షన్ చెప్పింది. ఎవరు ఎప్పుడొచ్చారన్న షరతు అందులో లేదు. విశాఖలో ఏం జరిగింది? ఆ ఫ్యాక్టరీలో సైరన్ మోగించే ఏర్పాటు 36 చోట్ల ఉందని, ఆ రాత్రి ఒక్కటీ మోగించలేదని ప్రభుత్వం వేసిన హైపవర్ కమిటీయే తేల్చింది.

ఇక హైదరాబాద్ పక్కనున్న పటాన్‌చెరు సంగతి చూస్తే మెసేజ్ పూర్తిగా తలకిందులవుతుంది. అక్కడ ముందున్నవి చెరువులు, నక్కవాగు, వాటి కింద సాగు చేసుకునే ఊళ్ళు. 1970ల నుంచి వచ్చినవి పరిశ్రమలు. ఒకప్పుడు రాత్రి బస్సులో ఆ దారిన ముంబై హైవే మీద వెళ్తుంటే కండక్టర్ చెప్పకుండానే అందరూ కిటికీలు మూసేసేవారు. మాకది అయిదు నిమిషాల కంపు. కిటికీ మూసినా పోని కంపు ఆ పక్క ఊళ్ళవాళ్ళది. వాళ్ళ బోర్లు, పొలాలు, పశువులు పాడయ్యాయని 1990లో సుప్రీంకోర్టులో కేసు పడింది. అది అక్కణ్ణుంచి హైకోర్టుకు, హైకోర్టు నుంచి పర్యావరణ కేసులు వినే జాతీయ హరిత ట్రిబ్యునల్‌కు తిరిగి, 2017 అక్టోబరులో తీర్పు దాకా వచ్చింది. 27 ఏళ్ళు. ఆ కేసు పడ్డ ఏడాది పుట్టిన పిల్ల, తీర్పు వచ్చేసరికి తన పిల్లను బడికి పంపుతూ ఉంటుంది.

రెండో మాట, చట్టాలు మరీ కఠినం అన్నది. ఇది చదివినప్పుడే నాకు నవ్వొచ్చింది.

1974 నీటి చట్టం తీసి చూడండి. దరఖాస్తు పెట్టాక కాలుష్య నియంత్రణ మండలి (పీసీబీ) నాలుగు నెలల్లో ఏదీ తేల్చకపోతే అనుమతి ఇచ్చేసినట్టే లెక్క. రేషన్ కార్డుకైనా ఇలాంటి సదుపాయం ఉందా? పర్యావరణ పరిరక్షణ చట్టం కింద ఒకప్పుడు అయిదేళ్ళ దాకా జైలు ఉండేది. 2023లో జనవిశ్వాస్ చట్టంతో ఆ జైలు తీసేసి 10 వేల నుంచి 15 లక్షల రూపాయల దాకా పెనాల్టీ పెట్టారు. గాలి చట్టంలోనూ అంతే. ఆ పెనాల్టీ కట్టకుండా ఎగ్గొడితేనే మళ్ళీ జైలు మాట. పెద్ద కంపెనీకి 15 లక్షలంటే ఎంతో మా బాబాయికి నేను చెప్పాలా? ప్రమాదం జరిగిన వెంటనే బాధితులకు ఎంతో కొంత అందాలని 1991లో పబ్లిక్ లయబిలిటీ ఇన్సూరెన్స్ చట్టం తెచ్చారు, మంచిదే. ఆ చట్టం ప్రాణానికి రాసిన వెల 25 వేల రూపాయలు. మూడు దశాబ్దాల పైన ఆ అంకె కదల్లేదు.

చట్టంలో అసలు హద్దే పెట్టని సంగతి ఇంకొకటుంది. 2007లో స్వీడన్ పరిశోధకులు పటాన్‌చెరులో ఉమ్మడి శుద్ధి ప్లాంటు నుంచి బయటికి వచ్చే నీళ్ళను పరీక్షించి ఒక పేపరు ప్రచురించారు. దాదాపు 90 మందుల కంపెనీల వ్యర్థ జలాలు వచ్చే ప్లాంటు అది. 'శుద్ధి' అయిన ఆ నీళ్ళలో సిప్రోఫ్లాక్సాసిన్ అనే యాంటీబయాటిక్ లీటరుకు 31 మిల్లీగ్రాముల దాకా ఉంది. రోగికి మందిచ్చినప్పుడు రక్తంలో ఉండే మోతాదు కంటే ఎక్కువ. ఒక్క రోజులో బయటికి పోతున్నది సుమారు 45 కిలోలని లెక్కకట్టారు, స్వీడన్ దేశమంతా అయిదు రోజుల్లో వాడేంత. ఇలాంటి నీళ్ళలో బతికి బట్టకట్టే బ్యాక్టీరియా ఆ మందుకు లొంగనిదే అవుతుంది, అది వాగు దగ్గర ఆగదు. 2020 జనవరిలో కేంద్రం యాంటీబయాటిక్ అవశేషాలకు పరిమితులు పెడుతూ ముసాయిదా ఇచ్చింది. 2021 ఆగస్టులో తుది నోటిఫికేషన్ వచ్చేసరికి ఆ పరిమితులే లేవు. మరీ కఠినమైన చట్టమట!

"మరి నువ్వు మందులు వేసుకోవా?" అని బాబాయి అడుగుతాడని తెలుసు. వేసుకుంటాను. నా జ్వరం తగ్గడానికి ఇంకొకరి బోరు పాడవ్వాల్సిన పని లేదంటున్నాను, అంతే. వ్యర్థాలను సరిగా శుద్ధి చెయ్యడానికి ఖర్చవుతుంది. ఆ ఖర్చు మందు ధరలో కనపడకపోతే ఎక్కడో ఒకచోట ఎవరో కడుతున్నారన్నమాట. కడుతున్నది మంచినీళ్ళు కొనుక్కునే పల్లె.

మూడోది, నిరూపించండి అన్న సవాలు. పది వేల రూపాయల జీతగాడు, తన కిడ్నీ ఏ కంపెనీ వదిలిన ఏ రసాయనం వల్ల పాడయిందో ల్యాబు రిపోర్టుతో తేవాలట. ఈ భారం ఎవరిదో మన హైదరాబాద్ కేసులోనే సుప్రీంకోర్టు చెప్పింది. హిమాయత్‌సాగర్‌కు దగ్గర్లో పెద్దషాపూర్ దగ్గర ఒక నూనెల పరిశ్రమకు పీసీబీ అనుమతి నిరాకరించింది. కేసు సుప్రీంకోర్టు దాకా వెళ్ళింది. హైదరాబాద్‌కు తాగునీరిచ్చే ఉస్మాన్‌సాగర్, హిమాయత్‌సాగర్ జంట జలాశయాల చుట్టూ 10 కిలోమీటర్లలో ఇలాంటి పరిశ్రమలు వద్దని అప్పటికే 111 జీవో ఉంది. 1999లో ఎం.వి. నాయుడు కేసుగా పేరుపడ్డ ఆ తీర్పులో కోర్టు, హాని జరగదని చూపించాల్సింది పరిశ్రమ పెట్టేవాడేనంది. అనుమానం మిగిలితే లాభం నీళ్ళు తాగేవాళ్ళకి దక్కాలి. 2000లో తుది తీర్పుతో పరిశ్రమ కథ ముగిసింది. ప్రమాదం జరిగిపోయాక లెక్క ఇంకా సూటిగా ఉంటుంది. ఢిల్లీ శ్రీరామ్ ఫ్యాక్టరీలో 1985లో ఓలియం గ్యాస్ లీకయిన కేసులో, ప్రమాదకరమైన పని చేసి లాభం తీసుకునేవాడు మా తప్పు లేదన్నా నష్టం కట్టాల్సిందేనని కోర్టు 1986లో తేల్చింది.

నిజానికి కోర్టు దాకా వెళ్ళడమే పెద్ద పరీక్ష. హరిత ట్రిబ్యునల్ దక్షిణ బెంచి ఉన్నది చెన్నైలో. దాని నిబంధనల ప్రకారం విచారణ ఇంగ్లీషులో. పటాన్‌చెరు పక్కన ఇస్నాపూర్ రైతు తన బోరు నీళ్ళ రంగు గురించి చెన్నైలో ఇంగ్లీషులో చెప్పుకోవాలి. మెసేజ్ రాసినవాడు నిరూపించమంటున్నది ఇతన్ని.

ఇందిరాగాంధీ మాట నిజమే, సగం. 1972లో ఐక్యరాజ్యసమితి స్టాక్‌హోంలో పెట్టిన పర్యావరణ సభలో ఆమె ప్రశ్నలాగా అడిగింది, పేదరికమూ అవసరమూ అతిపెద్ద కాలుష్యకారకాలు కావా అని. పేదవాడికి ముందు తిండీ పనీ లేకుండా అడవిని కాపాడుకొమ్మంటే ఎలా అన్నది ఆమె వాదన. పేదవాడి బావిలో కెమికల్ నీళ్ళు వదలొచ్చని కాదు. రెండేళ్ళకు నీటి చట్టం, 1981లో గాలి చట్టం, రెండూ ఆమె ప్రధానిగా ఉన్నప్పుడు వచ్చినవే. గాలి చట్టం పీఠికలోనే స్టాక్‌హోం పేరుంది. ఇంకో చిత్రం, 1980లో ఆమె గెలిచింది మెదక్ నుంచి. పటాన్‌చెరు అప్పట్లో ఆ జిల్లాలోదే. పేదరికం పోవాలంటే ఫ్యాక్టరీ కావాలన్నమాట అక్కడ అక్షరాలా అమలయింది. తర్వాత 2009లో కేంద్ర కాలుష్య నియంత్రణ మండలి దేశంలో పారిశ్రామిక ప్రాంతాలకు కాలుష్యాన్ని బట్టి మార్కులు వేస్తే, తీవ్రంగా కలుషితమైనవని లెక్కించే 70 దాటిన 43 చోట్లలో పటాన్‌చెరు-బొల్లారం ఉంది. విశాఖ కూడా.

చివరిది విదేశీ డబ్బు. పటాన్‌చెరులో దశాబ్దాల పాటు ఈ పోరాటాన్ని మోసినవాళ్ళలో ముందు చెప్పాల్సింది డాక్టర్ కిషన్‌రావును. అక్కడే వైద్యం చేస్తూ రోగుల్ని చూసి కదిలిన మనిషి. శ్రీకాకుళం జిల్లా సోంపేటలో బీల భూముల్లో థర్మల్ ప్లాంటు వద్దన్నది రైతులు, మత్స్యకారులు. ఆ తడి నేలను కాగితాల మీద పనికిరాని భూమిగా చూపించారు. వాళ్ళు ప్రజాభిప్రాయ సేకరణలో చెప్పారు, అర్జీలు పెట్టారు, అప్పీలుకు వెళ్ళారు. 2010 జులై 14న పోలీసు కాల్పుల్లో ప్రాణాలు పోయాయి. ఢిల్లీలో అప్పిలేట్ అథారిటీ ఆ ప్లాంటు పర్యావరణ అనుమతిని రద్దు చేసింది కూడా అదే రోజు.